ఋణావేశం అంటే ఏమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

తొమ్మిదో తరగతిలో ఒక స్లిప్ టెస్టులో "ఋణావేశం ఉన్న వస్తువులో ఎలక్ట్రాన్లు తక్కువగా ఉంటాయి" అని రాసి ఒక మార్కు పోగొట్టుకున్నాను. నా లెక్క నాకుంది. ఋణం అంటే అప్పు. అప్పున్నవాడి దగ్గర సొమ్ము తక్కువే ఉండాలి కదా! ఆ మార్కు పోయిన ఉక్రోషంతోనే ఈ విషయం వెంట పడ్డాను. తర్వాత ట్యూషన్ పిల్లలు, వాట్సాప్‌లో చుట్టాలు, ఇంటికి వైరింగ్ పనికి వచ్చిన ఎలక్ట్రీషియన్ అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. ఒక వరస ఏమీ లేదు, మీకు కావలసిన చోట మొదలుపెట్టండి.

ఇంతకీ ఋణావేశం అంటే ఏమిటి?

ఎలక్ట్రాన్‌కి (పరమాణువులో తిరిగే అతి చిన్న కణానికి) ఏ రకం విద్యుదావేశం ఉందో ఆ రకం ఆవేశం. అంతే.

చప్పగా ఉందని తెలుసు. కానీ నిజాయితీగా చెప్పగలిగేది ఇదే. ప్రకృతిలో ఆవేశాలు రెండు రకాలు. ఒకే రకానివి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, వేరు రకాలవి లాక్కుంటాయి. రెండు రకాలూ సమపాళ్లలో కలిస్తే బయటికి ఏమీ లేనట్టే ఉంటుంది. ఇంతవరకు ప్రకృతి చేసిన ఏర్పాటు. వాటిలో ఒకదాన్ని ధనం, రెండోదాన్ని ఋణం అనడం మనుషులు చేసిన ఏర్పాటు. గాజు కడ్డీని పట్టుగుడ్డతో రుద్దితే గాజుకి వచ్చేది ధనావేశం, ఎబొనైట్ కడ్డీని ఉన్నితో రుద్దితే ఎబొనైట్‌కి వచ్చేది ఋణావేశం. బడి పుస్తకాల్లో ఉండే ఈ రెండు కడ్డీలూ ఊరికే ఇచ్చిన ఉదాహరణలు కావు. ఎలక్ట్రాన్ అంటే ఏమిటో తెలియని రోజుల్లో అలాంటి కడ్డీలతోనే ఆవేశం రకాన్ని గుర్తుపట్టేవారు.

ఋణం అంటే అప్పు కదా. మరి ఋణావేశం ఉన్నచోట ఎలక్ట్రాన్లు ఎక్కువ ఎలా అవుతాయి?

నా మార్కు పోయింది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందు మాట సంగతి. సంఖ్యలకు ధన, ఋణ అనే పేర్లు మన దేశంలో చాలా పాతవి. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు 'బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం'లో వాటితో లెక్కలు చేసే నియమాలు రాశాడు. ధనం అంటే సొత్తు, ఋణం అంటే అప్పు. సమానమైన సొత్తునీ అప్పునీ కలిపితే శూన్యం. తెలుగు పుస్తకాల్లో ప్లస్, మైనస్ ఆవేశాలకు ధన, ఋణ అన్న పేర్లు ఈ లెక్కల భాష నుంచి వచ్చినవే.

ఆవేశాలకు ప్లస్, మైనస్ తగిలించింది మాత్రం ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్. అంతకుముందు 1733లో ఫ్రాన్స్‌లో దు ఫే రెండు రకాల విద్యుత్తు ఉందని కనిపెట్టి, ఒకదానికి గాజు పేరు, రెండోదానికి గుగ్గిలం లాంటి జిగురు పదార్థాల పేరు పెట్టాడు. దు ఫే పేర్లలో ఒక లోటుంది. గాజు, గుగ్గిలం కలిస్తే సున్నా ఎందుకు అవ్వాలో ఆ పేర్లు చెప్పవు. 1747లో ఫ్రాంక్లిన్ దాన్ని వేరే దారిలో చూశాడు. అన్ని వస్తువుల్లోనూ ఒకే విద్యుత్ ద్రవం ఉంటుంది, రుద్దినప్పుడు అది ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి పోతుంది, ఎక్కువైనది ప్లస్, తగ్గినది మైనస్ అన్నాడు. ఫ్రాంక్లిన్ అచ్చాఫీసు నడిపిన వ్యాపారి. ఖాతా పుస్తకంలో జమ, ఖర్చు రాసుకునే అలవాటున్న మనిషికి ఈ ఊహ రావడంలో వింతేమీ లేదని నాకనిపిస్తుంది. తర్వాత 1778లో జర్మనీలోని గోటింగెన్‌లో లిచ్టెన్‌బర్గ్ ఆ మాటల బదులు +, − గుర్తులు వాడాడు.

చిక్కంతా ద్రవం ఎటు పోయిందన్న దగ్గర వచ్చింది. గాజుని రుద్దితే ద్రవం గాజులోకి చేరిందని ఫ్రాంక్లిన్ అనుకున్నాడు. చూసి చెప్పే వీలు ఆయనకు లేదు. రెండే అవకాశాలు, బొమ్మా బొరుసూ లాంటిది. దాదాపు 150 ఏళ్ల తర్వాత తేలిందేమిటంటే, అక్కడ చేతులు మారే ఎలక్ట్రాన్లు గాజుని వదిలి పట్టుగుడ్డలోకి పోతాయి. అంటే ఆయన జమ రాసినచోట ఖర్చు, ఖర్చు రాసినచోట జమ. ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న గాజు 'ధన' అయింది, వాటిని పోగేసుకున్న గుడ్డ 'ఋణ' అయింది.

కాబట్టి ఋణావేశాన్ని 'ఎలక్ట్రాన్ల అప్పు' అనుకుంటే తప్పు. ఆవేశాల ఖాతాలో మైనస్ వైపు రాసుకున్న రకం అనుకోండి, సరిపోతుంది.

అయితే ఫ్రాంక్లిన్ తప్పు చేశాడా? ఇప్పటికైనా మార్చొచ్చు కదా?

తప్పు అనడం అన్యాయం. రెండిటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి, ఎంచుకున్నాడు. ఆయన అసలు గొప్పతనం వేరే చోట ఉంది: ఒక వస్తువుకి ఎంత ప్లస్ వస్తే రెండోదానికి అంతే మైనస్ వస్తుంది, మొత్తం ఎప్పుడూ మారదు. ఇవాళ ఆవేశ నిత్యత్వం అని చదివేది ఇదే. అది ఈనాటికీ చెక్కుచెదరలేదు.

మార్చడం వల్ల పెద్ద లాభం కూడా లేదు. సర్క్యూట్‌లో కరెంటు ప్లస్ నుంచి మైనస్‌కి పోతుందని బాణం గుర్తు వేస్తాం, రాగి తీగలో ఎలక్ట్రాన్లేమో మైనస్ నుంచి ప్లస్‌కి పోతాయి. విద్యార్థులకు తలనొప్పి ఇదే, ఒప్పుకుంటాను. కానీ కరెంటు మోసేది అన్నిచోట్లా ఎలక్ట్రానే కాదు. ఉప్పునీళ్లలో అయాన్లు (ఆవేశం ఉన్న పరమాణువులు) ఉంటాయి: సోడియం అయాన్లు ప్లస్, క్లోరైడ్ అయాన్లు మైనస్, రెండూ ఎదురెదురుగా నడుస్తాయి. మన నరాల్లో సంకేతం నడిపేది ముఖ్యంగా సోడియం, పొటాషియం అయాన్లు, రెండూ ధనమే. గుర్తులు తిరగేస్తే రాగి తీగకి సుఖం, నరాలకి కష్టం.

మైనస్ అంటే సున్నా కంటే తక్కువ. అంటే ఋణావేశం అంటే ఏదో లేకపోవడమా?

కాదు. ఎలక్ట్రాన్ నిజంగా ఉన్న వస్తువే. దానికి ద్రవ్యరాశి ఉంది (9.109 × 10⁻³¹ కిలోలు), ఆవేశం ఉంది. ఇక్కడి మైనస్ గుర్తు తూర్పు పడమరల్లాంటిది. తూర్పుకి పది అడుగులు ప్లస్ అనుకుంటే పడమరకి పది అడుగులు మైనస్. అలాగని పడమరకి నడిచినవాడు నడవనట్టు కాదు.

తమాషా ఏమిటంటే, 'లేకపోవడం' నిజంగా కనిపించేది ధనావేశం వైపే. సిలికాన్ లాంటి అర్ధవాహకంలో ఒక ఎలక్ట్రాన్ ఉండాల్సిన చోట ఖాళీ ఉంటే దాన్ని హోల్ అంటారు. ఆ ఖాళీ ఒక ధనావేశ కణం లాగే కదులుతుంది. మీ ఫోన్ చిప్ లోపల పని నడిచేది ఎలక్ట్రాన్లు, హోల్స్ రెండిటితోనూ.

మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ కదా. రెండు ఋణావేశాలు కలిస్తే ధనావేశం అవుతుందా?

ట్యూషన్‌లో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. కలపడం అంటే కూడిక. రెండు అప్పులు కలిస్తే ఇంకా పెద్ద అప్పే. −3కి −2 కలిపితే −5. గుణకారం వచ్చేది కూలుంబ్ సూత్రంలో, బలం లెక్కించేటప్పుడు. 1785లో కూలుంబ్ మెలితిరిగే సన్నని తీగతో ఈ బలాన్ని కొలిచాడు: రెండు ఆవేశాల లబ్ధానికి అనులోమం, దూరం వర్గానికి విలోమం. లబ్ధం ప్లస్ వస్తే తోసుకోవడం, మైనస్ వస్తే లాక్కోవడం. రెండు ఋణావేశాల లబ్ధం ప్లస్, కాబట్టి తోసుకుంటాయి. రెండు ధనావేశాలదీ ప్లస్సే, అవీ తోసుకుంటాయి. అప్పుల కూడిక అప్పు, అప్పుల లబ్ధం సొత్తు అని బ్రహ్మగుప్తుడు రాసినవి రెండు వేర్వేరు నియమాలు. పరీక్షలో కలిపేయకండి.

తల దువ్విన ప్లాస్టిక్ దువ్వెన కాగితం ముక్కల్ని లాగుతుంది. అందులో ఎన్ని ఎలక్ట్రాన్లు ఎక్కువైనట్టు?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. పొడి జుట్టు దువ్విన దువ్వెనకి ఋణావేశం వస్తుంది. అది 10 నానోకూలుంబ్‌లు అనుకుందాం (కూలుంబ్ ఆవేశానికి కొలమానం, నానో అంటే అందులో వందకోట్లో వంతు), అలాంటి పనికి సరిపోయే పరిమాణమే. ఒక ఎలక్ట్రాన్ ఆవేశం 1.602 × 10⁻¹⁹ కూలుంబ్. భాగిస్తే దాదాపు 6,240 కోట్ల ఎలక్ట్రాన్లు అదనం.

చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ పది గ్రాముల ప్లాస్టిక్‌లో మొత్తం ఎలక్ట్రాన్లు 3 × 10²⁴ పైచిలుకు. అంటే దాదాపు 55 లక్షల కోట్లకు ఒక్కటి అదనం. 2025-26 కేంద్ర బడ్జెట్ సుమారు 50 లక్షల కోట్ల రూపాయలు. మొత్తం బడ్జెట్‌లో ఒక్క రూపాయి తేడా వస్తే ఎంతో, ఇది అంత. ఆ ఒక్క రూపాయి తేడాకే కాగితం ముక్క భూమి ఆకర్షణని కాదని పైకి లేస్తుంది.

దువ్వెన బరువు పెరుగుతుందా అని కూడా అడుగుతారు. పెరుగుతుంది, 6 × 10⁻²⁰ కిలోల లోపు. ఏ త్రాసుకీ అందదు.

పనిలో పని: తృణమణి అనే మాట విన్నారా? గడ్డిపరకని లాగే మణి. ఇంగ్లీషువాళ్లు అంబర్ అనేదానికి సంస్కృతం నుంచి మనకొచ్చిన పేరు. గ్రీకులు అదే వస్తువుని ఎలెక్ట్రాన్ అన్నారు, 'ఎలక్ట్రిక్' అన్న మాట అందులోంచి పుట్టింది. వాళ్ల మాటలో గడ్డిపరక లేదు. మన మాటలో ప్రయోగమే ఉంది.

రుద్దితే ఎలక్ట్రాన్లు కొత్తగా పుడతాయా?

పుట్టవు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారతాయి. దువ్వెనకి ఎంత మైనస్సో మీ జుట్టుకి అంత ప్లస్. అందుకే వెంట్రుకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచి నిలబడతాయి. ప్లాస్టిక్ లాంటి బంధకాల్లో (కరెంటుని పోనివ్వని పదార్థాల్లో) మారేది కేవలం ఎలక్ట్రాన్లేనా, అయాన్లూ పదార్థపు నలుసులూ కూడా మారతాయా అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన నడుస్తూనే ఉంది. అమాయకంగా కనిపించే దువ్వెన వెనక ఇంత కథ ఉంది.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి చలికాలంలో తలుపు పిడి ముట్టుకుంటే షాక్ కొడుతోంది అంటున్నాడు. విజయవాడలో అలా ఎందుకు జరగదు?

తేమ. మన కోస్తాలో గాలి ఎక్కువ రోజులు తడిగా ఉంటుంది, వస్తువుల మీద కంటికి కనపడని నీటి పొర పేరుకుని ఆవేశం ఎప్పటికప్పుడు కారిపోతుంది. అక్కడ చలికాలంలో హీటర్ వేసిన గదిలో గాలి బాగా పొడిబారుతుంది. కార్పెట్ మీద నాలుగడుగులు వేస్తే ఒంటికి వేల వోల్టులు ఎక్కుతాయి. చిటుక్కుమని తెలియాలంటేనే మూడు వేల వోల్టుల దాకా కావాలి. వోల్టులు ఎక్కువైనా ఆవేశం చాలా తక్కువ కాబట్టి ప్రమాదం లేదు. వేలికి బదులు తాళంచెవిని పిడికి తాకించమనండి, చురుక్కుమనదు. ఒంటికి ఎక్కింది ప్లస్సా మైనస్సా అన్నది చెప్పులూ కార్పెట్ దేనితో చేశారో దాన్నిబట్టి ఉంటుంది.

ఎలక్ట్రాన్‌ది ఋణావేశమే అని ఎలా తెలిసింది?

గాజు గొట్టంలోంచి గాలి తీసేసి పెద్ద వోల్టేజి పెడితే కాథోడ్ (మైనస్‌కి కలిపిన కొస) నుంచి కిరణాలు వస్తాయి. 1895లో జాఁ పెరాఁ వాటిని ఒక లోహపు గిన్నెలోకి పట్టి చూస్తే, గిన్నెకి ఋణావేశం వచ్చింది. 1897లో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ ఆ కిరణాలను విద్యుత్ పలకల మధ్యకి పంపాడు. అవి ప్లస్ పలక వైపు వంగాయి. ఎంత వంగాయో కొలిస్తే, అవి పరమాణువు కంటే ఎంతో తేలికైన కణాలని తేలింది. హైడ్రోజన్ పరమాణువులో సుమారు 1,837వ వంతు అని ఇవాళ మనకు తెలుసు. ఎలక్ట్రాన్ అన్న పేరు అప్పటికే ఉంది. 1891లో స్టోనీ విద్యుత్తు కనీస పరిమాణానికి ఆ పేరు పెట్టాడు.

ఒక్కో కణం ఆవేశం ఎంతో తేల్చింది అమెరికాలో మిల్లికన్. 1909 నుంచి నూనె బిందువులను రెండు పలకల మధ్య గాలిలో నిలబెట్టి కొలిచాడు. ఏ బిందువు తీసుకున్నా ఆవేశం ఒకే చిన్న మొత్తానికి పూర్ణాంక రెట్లు వచ్చింది. చిల్లర లేదు, పూర్తి రూపాయలే. 2019 మే 20 నుంచి ఆ మొత్తాన్ని కొలవడం మానేశాం. అది సరిగ్గా 1.602176634 × 10⁻¹⁹ కూలుంబ్ అని నిర్ణయించేసి, దాన్నిబట్టే ఆంపియర్‌ని నిర్వచిస్తున్నాం. ప్రోటాన్‌ది అంతే ఆవేశం, గుర్తు ఒక్కటే వేరు. ప్రోటాన్ లోపలి క్వార్కుల దగ్గర మాత్రం మూడో వంతుల చిల్లర ఉంది (+2/3, −1/3), కానీ అవి ఒంటరిగా బయటికి రావు.

ఇంట్లో న్యూట్రల్ వైరే మైనస్సా?

కాదండి. వైరింగ్ పనికి వచ్చిన ఎలక్ట్రీషియన్ "సార్, ఫేజ్ ప్లస్, న్యూట్రల్ మైనస్ కదా" అన్నప్పుడు టీ అయ్యేలోపు మేమిద్దరం గోడ మీద బొమ్మలు వేసుకున్నాం. ఇంటి కరెంటు ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే కరెంటు. న్యూట్రల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలుపుతారు, అది దాదాపు సున్నా దగ్గర ఉంటుంది. ఫేజ్ వైరు +325 వోల్టులకీ −325 వోల్టులకీ మధ్య సెకనుకి 50 సార్లు ఊగుతుంది. 230 అని మనం చెప్పుకునేది దాని ఫలిత విలువ (RMS, ఒక రకం సగటు). అంటే సగం సమయం ఫేజే మైనస్. ఎలక్ట్రాన్లు పవర్ హౌస్ నుంచి బయల్దేరి మీ ఫ్యాను దాకా రావు, ఉన్నచోటే అటూ ఇటూ కాస్త కదులుతాయి. న్యూట్రల్ తెగితే ఇంటి వైపు మిగిలిన న్యూట్రల్ వైరంతా ఫేజ్ వోల్టేజికి లేచిపోవచ్చు, 'మైనస్సే కదా' అని ముట్టుకోకండి.

కారు బ్యాటరీ తీసేటప్పుడు మైనస్ వైరు ముందు విప్పమంటారు, ఎందుకు?

ఇప్పటి కార్లలో, బైకుల్లో సాధారణంగా బ్యాటరీ మైనస్‌ని బండి బాడీకి కలుపుతారు. ముందు ప్లస్ విప్పబోతే, స్పానర్ పొరపాటున బాడీకి తగిలిందంటే షార్టే. నిప్పురవ్వలు, కాలిన వేళ్లు. ముందు మైనస్ విప్పేస్తే బాడీకి బ్యాటరీతో బంధం తెగుతుంది, తర్వాత స్పానర్ ఎక్కడ తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు రివర్స్: ప్లస్ ముందు, మైనస్ ఆఖర్న.

పిడుగు ప్లస్సా మైనస్సా?

ఎక్కువగా మైనస్. ఉరుముల మబ్బు లోపల చిన్న చిన్న మంచు స్ఫటికాలు, మెత్తని వడగళ్లు గుద్దుకుంటాయి. వడగళ్లకు ఋణావేశం అంటుకుంటుంది, బరువైనవి కాబట్టి కింది భాగంలో ఉంటాయి. తేలికైన స్ఫటికాలు ధనావేశంతో పైకి పోతాయి. కింద భూమి మీది ఎలక్ట్రాన్లు మబ్బు మైనస్‌కి బెదిరి పక్కకి జరగడంతో అక్కడ నేల ప్లస్ అవుతుంది. మబ్బు నుంచి నేలకి పడే పిడుగుల్లో పదింట తొమ్మిది ఋణావేశాన్ని కిందికి తెచ్చేవే. మబ్బు పైభాగం నుంచి పడే ధన పిడుగులు అరుదు, కానీ వాటి దెబ్బ ఎక్కువ.

ఇలా మైనస్ దింపుకుంటూ ఉండడం వల్ల, మబ్బులేని రోజున కూడా భూమి ఉపరితలం మీద మొత్తం దాదాపు −5 లక్షల కూలుంబ్‌ల ఆవేశం ఉంటుంది. మనమందరం నిలబడింది ఋణావేశం మీదే.

'నెగటివ్ ఎనర్జీ'కి దీనికి సంబంధం ఉందా? నెగటివ్ అయాన్ బ్రేస్‌లెట్లు?

లేదు. ఇంట్లో నెగటివ్ ఎనర్జీ ఉందని చెప్పేవాళ్లూ, నెగటివ్ అయాన్ల వల్ల ఆరోగ్యం వస్తుందని బ్రేస్‌లెట్ అమ్మేవాళ్లూ ఒకే మాటని ఒకసారి చెడ్డదిగా, ఒకసారి మంచిదిగా వాడుకుంటున్నారు. పైగా ఇలాంటి కొన్ని లాకెట్లలో థోరియం ఉన్న పొడి కలుపుతారు, అది రేడియోధార్మికం. రోజూ మెడలో వేసుకునే వస్తువు కాదు.

వేరే గ్రహం వాళ్లతో రేడియోలో మాట్లాడగలిగితే, ఋణావేశం అంటే ఏదో ఎలా చెప్పాలి? పట్టుగుడ్డ, గాజు వాళ్ల దగ్గర ఉంటాయా?

పరమాణువు బయట తిరిగే తేలిక కణానికి ఉన్నది ఋణం అని చెప్పేస్తే సరిపోదా అనిపిస్తుంది. వాళ్ల లోకం ప్రతిపదార్థంతో (కణాల ఆవేశాలు తిరగబడిన పదార్థంతో) చేసిందైతే బయట తిరిగేది పాజిట్రాన్ అవుతుంది. 1932లో కార్ల్ ఆండర్సన్ కనిపెట్టిన ఈ కణం అన్నిటా ఎలక్ట్రాన్ లాంటిదే, ఆవేశం మాత్రం ప్లస్. విద్యుత్ సూత్రాల్లో ప్లస్‌లన్నీ మైనస్‌లు చేసి, మైనస్‌లన్నీ ప్లస్‌లు చేస్తే ఒక్క తేడా రాదు. కాబట్టి విద్యుత్ ప్రయోగాలేవీ పనికిరావు.

దారి 1964లో దొరికింది. క్రోనిన్, ఫిచ్ అనే ఇద్దరు, తటస్థ కేయాన్ అనే కణం క్షయంలో (విడిపోయి వేరే కణాలుగా మారడంలో) పదార్థానికీ ప్రతిపదార్థానికీ తేడా కనిపిస్తోందని చూపించారు. తటస్థ కేయాన్లలో ఎక్కువకాలం ఉండే రకం కొన్నిసార్లు ఎలక్ట్రాన్‌ని, కొన్నిసార్లు పాజిట్రాన్‌ని విడుదల చేస్తుంది. సగం సగం రావాలి. రాదు. వెయ్యి అలాంటి క్షయాల్లో పాజిట్రాన్లు 501, 502 ఉంటే ఎలక్ట్రాన్లు 498. కాబట్టి రేడియోలో ఇలా చెప్పాలి: "కేయాన్లని లెక్కపెట్టండి, కాస్త తక్కువసార్లు వచ్చే ఆ తేలిక కణం ఆవేశాన్ని మేం ఋణం అంటాం." ఫ్రాంక్లిన్ వేసిన గుర్తుని లోకంలో నిజంగా ఉన్న ఒక తేడాతో ముడిపెట్టడానికి ఇంత దూరం వెళ్లాల్సి వచ్చింది.

పరీక్షలో ఋణావేశం అని రాయాలా, రుణావేశం అని రాయాలా? అసలు 'ఆవేశం' ఎందుకు?

ఋణం, రుణం రెండూ వాడుకలో ఉన్నాయి, అర్థం ఒకటే. మీ పాఠ్యపుస్తకంలో ఎలా ఉంటే అలా రాయండి, పేపరంతా ఒకేలా ఉంచండి. ఆవేశం అంటే లోపలికి చొరబడడం. సినిమా హీరోకి వచ్చేదీ, దువ్వెనకి వచ్చేదీ ఆ ఒక్క మాటే. సంధి అడిగితే ఋణ + ఆవేశం, సవర్ణదీర్ఘం.